మన ఆటకొక పుస్తకం: అచ్చు వేయించేదెలా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లాలు వంటల పుస్తకం రాస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. ముగ్గుల పుస్తకం వేస్తే నలుగురూ సంతోషిస్తారు. అదే, "ఏమండీ, నేను బాల్ బ్యాడ్మింటన్ మీద ఒక పుస్తకం రాశానండీ" అన్నామనుకోండి, మీవారు చేతిలో పేపరు దించి, కళ్ళజోడు సవరించుకుని, "ఎవరు చదువుతారోయ్ దాన్ని?" అంటారు. ఆ మాటలో ఎగతాళి కొంత ఉంటే ఉండవచ్చు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ప్రశ్న మాత్రం చాలా మంచిది. పుస్తకాన్ని ఎవరిచేత వేయించాలి, ఎన్ని కాపీలు వేయించాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్న సందేహాలన్నిటికీ జవాబు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఈవేళ మనం దాన్ని గురించే చెప్పుకుందాం.

మనలో చాలామంది స్కూల్లోనో కాలేజీలోనో ఏదో ఒక ఆట ఆడినవాళ్ళమే. ఖోఖో, త్రోబాల్, టెన్నికాయిట్, బాల్ బ్యాడ్మింటన్ ఇవన్నీ మన ఆడపిల్లల ఆటలే. కొందరు జిల్లా జట్టుకి ఆడారు, కొందరు యూనివర్సిటీ జట్టుకి ఆడారు. పెళ్ళయ్యాక రాకెట్ అటకెక్కింది, సర్టిఫికెట్లు ట్రంకుపెట్టె అడుక్కి చేరాయి. ఇంకొందరు వ్యాయామోపాధ్యాయినులుగా ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. పిల్లకి రాకెట్ ఎలా పట్టించాలి, ఎండలో ఎంతసేపు ఆడించాలి, మ్యాచి ముందురోజు భయపడే పిల్లని ఎలా నిలబెట్టాలి అన్న సంగతులు వాళ్ళకి తెలిసినంతగా ఇంకొకరికి తెలియవు. అందులో చాలా భాగం ఏ పుస్తకంలోనూ ఉండదు.

బాల్ బ్యాడ్మింటన్ సంగతే చూడండి. పసుపుపచ్చని ఊలు బంతితో, జట్టుకి అయిదుగురు చొప్పున ఆడే ఈ ఆట మన దేశంలో పుట్టిందే. తంజావూరు రాజకుటుంబంవారు 1856 నాటికే ఆడారని చెబుతారు. అఖిల భారత సమాఖ్య 1954 లో ఏర్పడింది. మన తెలుగుదేశంలో ఈ ఆటకి దక్కిన గౌరవం తక్కువేమీ కాదు. వరంగల్లులో స్థిరపడిన జె. పిచ్చయ్యగారికి 1970 లో అర్జున అవార్డు వచ్చింది. నూరేళ్ళు దాటిన జీవితం గడిపి, ఆయన 2021 డిసెంబరులో కన్నుమూశారు. అంతటి మనిషి వెళ్ళిపోతే ఆయన చేతిలోని ఒడుపు, ఆయన చూసిన ఆటలు, ఆయన ఎరిగిన ఆటగాళ్ళు అంతా ఆయనతోనే వెళ్ళిపోయినట్టే గదా! ఎవరైనా కూర్చుని రాసిపెట్టుకుంటేనే మిగిలేది.

అంచేత రాయడం అవసరమా కాదా అన్న చర్చ మనకి అక్కర్లేదు. రాసినదాన్ని ఇల్లు గుల్ల చేసుకోకుండా, నలుగురి చేతిలోకి వెళ్ళేట్టు ఎలా వేయించాలన్నదే ప్రశ్న.

ఈ విషయంలో తెలుసుకోదగ్గ పాతకథ ఒకటుంది. ఇంగ్లండులో జాన్ విజ్డెన్ అని ఒక క్రికెట్ ఆటగాడుండేవాడు. మనిషి పొట్టి. 1850 లో లార్డ్స్ మైదానంలో ఒకే ఇన్నింగ్సులో పదిమందినీ బౌల్డ్ చేసిన ఘనుడు. లండనులో క్రికెట్ సరంజామా, చుట్టలు అమ్మే దుకాణం నడుపుకునేవాడు. ఆట మానుకున్న మరుసటేడు, అంటే 1864 లో, 112 పేజీల చిన్న పుస్తకం ఒకటి తన పేరనే వేసుకున్నాడు. వెల ఒక షిల్లింగు. పేజీలు నింపడానికి కాబోలు, క్రికెట్ లెక్కలతోబాటు గుర్రప్పందేల్లో గెలిచినవాటి జాబితాలు కూడా వేశాడు. ఆ విజ్డెన్ పుస్తకం ఏటేటా వస్తూ నేటికీ సాగుతూనే ఉంది. ఇక్కడ మనం చూడవలసింది దుకాణాన్ని. బ్యాటు కొనుక్కోవడానికి వచ్చినవాడికి పుస్తకం ఎదురుగా కనిపిస్తుంది. చదివేవాడు ఎక్కడికి వస్తాడో విజ్డెన్‌కి ముందే తెలుసు. పుస్తకాల షాపు గుమ్మంలో ఎదురుచూస్తూ కూర్చోవలసిన అవసరం అతనికి లేకపోయింది.

మనమూ ముందు అదే పని చేయాలి. ఒక నోటుబుక్కు తీసుకుని, మన పుస్తకం ఎవరికి కావాలో పేర్లతో సహా రాసుకోవాలి. మనతో ఆడినవాళ్ళు, మన దగ్గర నేర్చుకున్న పిల్లలు, ఇప్పుడు పనిచేస్తున్న పి.ఇ.టి.లు, వ్యాయామ విద్యా కళాశాలలు, జిల్లా అసోసియేషన్లు, ఆట సామాన్లు అమ్మే దుకాణాలు, ఊళ్ళో క్లబ్బులు. "తెలుగువాళ్ళు కోట్లమంది ఉన్నారు, వందలో ఒక్కరు కొన్నా చాలు" అని లెక్క వేయకండి. ఆ లెక్క అరచేతిలో వైకుంఠం. నోటుబుక్కులో 120 పేర్లు వచ్చాయంటే అవి నిజమైన పేర్లు. పుస్తకానికి పునాది అవే.

ఇప్పుడు దారులు చూద్దాం. ముఖ్యంగా మూడున్నాయి.

మొదటిది, పేరున్న ప్రచురణ సంస్థకి ఇవ్వడం. అచ్చు ఖర్చు, కాగితం, బైండింగు, షాపులకి పంపడం అంతా వాళ్ళదే. మనం పైసా పెట్టనక్కర్లేదు. అమ్మిన కాపీల మీద రాయల్టీ ఇస్తారు. వెలలో నూటికి పది అన్నది తరచు వినపడే మాట. అయితే వాళ్ళకీ వ్యాపారం ఉంది గదా! కొద్దిమందికే కావలసిన ఆటపుస్తకమంటే వెనకాడతారు. ఏళ్ళ తరబడి జవాబివ్వకపోవచ్చు కూడా. కాని ఆట నేర్పే పాఠాలతోబాటు ఒక మనిషి జీవితకథ, ఒక ఊరి కథ అందులో ఉంటే, ఆట ఎరగనివాళ్ళు కూడా చదువుతారు. అటువంటి పుస్తకాన్ని సంస్థకి చూపించి చూడవచ్చు. చూపించేముందు ఆ సంస్థ పుస్తకాలు నాలుగు తెచ్చుకుని చదవండి. భక్తి పుస్తకాలు వేసేవారికి బాల్ బ్యాడ్మింటన్ పంపి, తిప్పి పంపారని బాధపడటం దేనికి?

రెండవది, అసోసియేషనో పూర్వ విద్యార్థుల సంఘమో వేయడం. మన బోటి పుస్తకానికి ఇది చక్కగా కుదిరే దారి. ఆ సంఘంలో ఉన్నవారే మన పాఠకులు గనక పుస్తకం వాళ్ళ మధ్యకే వెళుతుంది. వాళ్ళ టోర్నమెంటు రోజున బల్ల వేసి అమ్మవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. సంఘం డబ్బుతో వేసిన పుస్తకంలో సంఘం పెద్దల ఫొటోలు, సందేశాలు ముందు ఇరవై పేజీలు ఆక్రమిస్తాయి. ఎవరి ఆట గొప్ప, ఎవరిది కాదు అన్న దగ్గర మన కలం తడబడుతుంది. ఏం రాయాలో నిర్ణయం మనదేనని మొదటే, మర్యాదగా, కాగితం మీద రాయించుకోవాలి.

మూడవది, మనమే ప్రచురణకర్తలమై ప్రెస్సులో వేయించుకోవడం. స్వతంత్రం పూర్తిగా ఉంటుంది, బరువూ పూర్తిగా మనమీదే ఉంటుంది. ఇక్కడ అచ్చు సంగతి కొంచెం తెలిసి ఉండాలి. ఆఫ్‌సెట్‌లో వేస్తే ప్లేట్లు తయారు చేయాలి. ఆ ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. అందుకని ఎక్కువ వేసినకొద్దీ కాపీ ధర తగ్గుతుంది. ప్రెస్సులో "ఎలాగూ వేయిస్తున్నారు గదమ్మా, వెయ్యి వేయించండి, చవక పడుతుంది" అంటారు. చవగ్గా పడిన ఎనిమిదివందల కాపీలు మంచం కింద చెదలు పట్టిపోతే అది చవకా? డిజిటల్ పద్ధతిలో ప్లేట్లుండవు. కాపీ ఒక్కంటికి ఖర్చు కాస్త ఎక్కువైనా యాభయ్యో వందో వేయించుకుని, అయిపోయాక మళ్ళీ వేయించుకోవచ్చు. ఎవరైనా ఆర్డరు ఇచ్చినప్పుడే ఒక్కొక్క కాపీ వేసి పంపే ఏర్పాట్లూ ఇప్పుడున్నాయి. దూరాన, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పాత స్నేహితురాళ్ళ కోసం ఈ-బుక్కు చేయించినా తప్పులేదు.

ఇంటి బడ్జెట్ వేసే మనకి లెక్క కొత్త కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్కకోసం వేసుకున్న అంకెలే సుమండీ, మీ ఊరి ప్రెస్సులో ధర వేరుగా ఉంటుంది. 300 కాపీలకి మొత్తం 24,000 రూపాయలైందనుకోండి. కాపీ 80 రూపాయలు పడింది. వెల 160 పెట్టారు. పుస్తకాల షాపులు, పంపిణీదారులు నూటికి 40 దాకా కమిషను అడగడం మామూలే. అంటే 64 రూపాయలు వాళ్ళకి పోయి 96 మన చేతికొస్తుంది. పెట్టిన 24,000 వెనక్కి రావాలంటే షాపుల ద్వారా 250 కాపీలు అమ్ముడుపోవాలి. అదే నేరుగా, నోటుబుక్కులో పేర్లవాళ్ళకే అమ్మితే 150 చాలు. చూశారా తేడా! రాయల్టీ దారిలో ఇదే వెలకి కాపీకి 16 రూపాయలొస్తుంది. 150 కాపీలకి 2,400. తక్కువే, కాని మనం పెట్టినదీ ఏమీ లేదు. ఏది మేలన్నది మీ నోటుబుక్కులో ఎన్ని పేర్లున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. 40 పేర్లే వస్తే 300 కాపీలు వేయించకండి. 50 డిజిటల్‌లో వేయించండి. 200 వస్తే ధైర్యంగా ముందుకు వెళ్ళండి.

ఆ పేర్లవాళ్ళని ముందుగానే అడగడంలో సిగ్గుపడనక్కర్లేదు. చందాలు పోగుచేసుకుని పుస్తకం వేయడం మనకి కొత్త పద్ధతేమీ కాదు. "వదినా, పుస్తకం ఫలానా నెలకి వస్తుంది, ముందుగా పంపినవాళ్ళకి ఇంత తగ్గింపు" అని ఉత్తరం ముక్కో, వాట్సాపులో నాలుగు మాటలో రాయండి. తీసుకున్న ప్రతి రూపాయికీ పద్దు ఉంచండి. మీ చేతిలో పుస్తకం పూర్తిగా సిద్ధమయ్యాకే డబ్బు తీసుకోండి. ఆలూ లేదు, చూలూ లేదన్నట్టు ముందే చందాలు వసూలు చేస్తే మాట పడవలసి వస్తుంది.

నాలుగో దారి ఒకటుంది గాని, దాన్ని దారి అనడానికి నాకు మనసొప్పదు. "మీ పుస్తకం అద్భుతం, మేమే ప్రచురిస్తాం, మీరు ఇంత కట్టండి చాలు" అంటూ వచ్చే సంస్థలు. డబ్బు తీసుకుని అచ్చు పని చేసిపెట్టడం తప్పు కాదు, ప్రెస్సువాళ్ళు చేసేదీ అదే. కాని డబ్బూ మనదే పెట్టించి, హక్కులూ తామే ఉంచుకుని, ఎన్ని కాపీలు అమ్మారో చెప్పకపోతే అది మోసమే. గుర్తుపట్టడం కష్టం కాదు. అసలైన ప్రచురణకర్తకి ఆదాయం పాఠకుల దగ్గర్నుంచి వస్తుంది. ఈ సంస్థలకి ఆదాయం మన దగ్గర్నుంచి వస్తుంది. అందుకే పుస్తకం చదవకముందే పొగుడుతారు. గాజులు తాకట్టు పెట్టి అటువంటి చోట కట్టకండి. కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని కాపీలు నా చేతికిస్తారు? హక్కులెవరివి? అమ్మకాల లెక్క ఎప్పుడెప్పుడు ఇస్తారు? ఈ మూడింటికి రాతపూర్వకంగా జవాబు రాకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

హక్కుల సంగతి వచ్చింది గనక చట్టం మాటలు రెండు. మనం రాసిన మరుక్షణమే కాపీరైటు మనకి వస్తుంది. ఎక్కడా రిజిస్టరు చేయించక్కర్లేదు. రచయిత జీవితకాలమూ, ఆ తరవాత 60 ఏళ్ళూ ఉంటుంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కు ఇంకొకరికి రాసివ్వడం కాగితం మీద, సంతకంతో జరగాలి. ఎంతకాలమో అందులో రాయకపోతే అయిదేళ్ళుగా లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకే. కాబట్టి ఒప్పందంలో "శాశ్వతంగా, సర్వహక్కులు" అన్న మాటలు కనిపిస్తే సంతకం చేయకండి. ఇన్నేళ్ళకి, ఈ ఒక్క ముద్రణకి అని మార్పించండి. మీ తరవాత మీ అమ్మాయి మళ్ళీ వేయించుకోవాలంటే ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదు.

ఆటపుస్తకానికి ప్రత్యేకంగా వచ్చే చిక్కులు రెండున్నాయి. ఆట నియమాలని మీ మాటల్లో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సమాఖ్య రూలుబుక్కులోని వాక్యాలు మక్కీకి మక్కీ దింపితేనే అడగాలి. నియమాలు మారుతుంటాయి గనక మీరు రాసినవి ఏ సంవత్సరం నాటివో తప్పక వేయండి. మన చిన్నప్పుడు 29 పాయింట్లకి ముగిసిన బాల్ బ్యాడ్మింటన్ గేము తరవాత 35 పాయింట్లదయింది గదా. రెండోది ఫొటోలు. పేపర్లో పడిన ఫొటో మీదైనా, దానిమీద హక్కు మీది కాకపోవచ్చు. ఆ పత్రికని అడిగి, అనుమతి కాగితం దాచుకోండి. జట్టు ఫొటోలో ఉన్న స్నేహితురాళ్ళనీ ఒకమాట అడగడం మర్యాద. ఆ పేర్లు ఎడమనుంచి కుడికి సరిగ్గా రాయించండి. పేరు తప్పు పడితే ఆ మనిషి మనసు ఎంత చివుక్కుమంటుందో మనకి తెలియంది కాదు.

ఇక మీరే ప్రచురణకర్తలైతే చేయవలసిన పనులు. ఐ.ఎస్.బి.ఎన్. అనే 13 అంకెల నంబరు ఉంటే షాపులూ గ్రంథాలయాలూ పుస్తకాన్ని తేలిగ్గా గుర్తిస్తాయి. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ పేరుగల జాతీయ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది. రచయితలు సొంతంగా కూడా కోరవచ్చు. దీనికి వేలు గుంజేవాళ్ళు తగిలితే జాగ్రత్త. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీలలో నిర్దేశించిన మరి మూడు గ్రంథాలయాలకీ ఒక్కొక్క ప్రతి సొంత ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. దీన్ని శిక్షగా భావించకండి. మనం పోయాక కూడా మన పుస్తకం దొరికే నాలుగు చోట్లు అవి. మీ జిల్లా గ్రంథాలయానికి ఇంకొకటి ఇవ్వండి. గ్రంథాలయ సంస్థలు కొంటాయన్న ఆశమీద మాత్రం కాపీలు పెంచకండి. ఎప్పుడు కొంటారన్నది మన చేతిలో లేదు.

అచ్చు పుస్తకం మీద జి.ఎస్.టి. లేదు. పోస్టుకి 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే సదుపాయం వచ్చింది. 300 గ్రాముల లోపు పుస్తకానికి 20 రూపాయలు, పన్ను అదనం అని ప్రారంభంలో ధర పెట్టారు. విద్యా, సాంస్కృతిక విషయాల పుస్తకాలకే అది వర్తిస్తుంది. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. మీ పుస్తకం ఆ తరగతిలోకి వస్తుందో లేదో పోస్టాఫీసులో ముందే కనుక్కోండి.

డి.టి.పి. చేయించేటప్పుడు ఒక చిట్కా. పేజీలు పదహారుకో ఫారం చొప్పున ఉంటాయి. 128 పేజీలంటే ఎనిమిది ఫారాలు. 130 అయిందా, రెండు పేజీలు కుదించుకోండి, డబ్బు కలిసొస్తుంది. కోర్టు కొలతలు, బంతి వెళ్ళే దారి ఫొటోలకంటె గీతల బొమ్మల్లోనే బాగా తెలుస్తాయి, చవక కూడా. రంగుల ఫొటోలు నాలుగు పేజీల ఆర్టు కాగితం మీద ఒకచోట పెట్టించండి. అను ఫాంట్లలో కొట్టినా, యూనికోడ్ ప్రతి కూడా అడిగి తీసుకోండి. రేపు ఈ-బుక్కు చేయాలంటే అదే పనికొస్తుంది. ప్రూఫులు మీరొకసారి, ఆట తెలిసినవారొకరు, ఆట బొత్తిగా తెలియనివారొకరు చూడాలి. మూడోవారికి అర్థమైందంటే మీ పుస్తకం గెలిచినట్టే.

ఈ పనికి తొందర అక్కర్లేదు, అలాగని వాయిదా కూడా వద్దు. మనకి నేర్పిన టీచర్లు పెద్దవాళ్ళవుతున్నారు. వాళ్ళ దగ్గరకి వెళ్ళి అడగవలసినవి ఈ నెలలోనే అడగండి. వాళ్ళు చెప్పినవన్నీ ఊరూ, తేదీతో సహా రాసుకోండి. మధ్యాహ్నం పని తెమిలాక రోజుకి ఒక పేజీ రాసినా నాలుగు నెలల్లో 120 పేజీలవుతాయి. దాంతోపాటే నోటుబుక్కులో పేర్లు కూడా పెంచుకుంటూ వెళ్ళండి. పుస్తకం పూర్తయ్యేనాటికి "ఎవరు చదువుతారోయ్?" అని ఇంట్లో ఎవరైనా అడిగితే ఆ నోటుబుక్కు చేతికివ్వండి.

సెలవు.